గిగాబిట్ లైనులో నత్తనడక ఫైలు: పరిశోధన నెట్‌వర్కుల లోగుట్టు

మా మేనకోడలు వరి మీద పీహెచ్‌డీ చేస్తోంది. ముంపును తట్టుకునే రకాల జన్యువుల మీద పని. సంక్రాంతికి ఇంటికొచ్చి, అరిసెలు కూడా ముట్టుకోకుండా ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "మావయ్యా, మా క్యాంపస్‌కి ఒక జీబీపీఎస్ లైనుందంటారు. ఇంగ్లండు నుంచి వరి డేటా దించుకుందామంటే సెకనుకు అర మెగాబైట్ కూడా రావట్లేదు. మనింట్లో ఉన్నది మామూలు వంద ఎంబీపీఎస్ ప్లాను. స్పీడ్ టెస్ట్ పెడితే 95 చూపిస్తోంది. మరి ఆ గిగాబిట్ అంతా ఎటు పోతున్నట్టు?"

నెట్‌వర్క్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఇంట్లో అందరి వైఫై బాధలూ నాకే వస్తాయి. కానీ ఇది వైఫై బాధ కాదు. (లైను వేగాన్ని బిట్లలో, ఫైలును బైట్లలో కొలుస్తారు; ఎనిమిది బిట్లు ఒక బైట్. ఎంబీపీఎస్ అంటే సెకనుకు పది లక్షల బిట్లు, జీబీపీఎస్ దానికి వెయ్యి రెట్లు.) పైగా ఈ ప్రశ్న ఆ పిల్లది ఒక్కదానిదే కాదు. విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని, సముద్రగర్భ కేబుళ్లను అక్కడి తీరానికి తెస్తామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అప్పటి నుంచీ గోదావరి జిల్లాల్లో టీకొట్ల దగ్గర కూడా ఒకటే మాట: "ఇంక మన కాలేజీల్లో నెట్ దూసుకుపోద్దంట." ఒకరు ఎన్‌కేఎన్ అంటారు, ఇంకొకరు ఫైబర్‌నెట్ అంటారు, మరొకరు భారత్‌నెట్ అంటారు. ఏది ఎవరికో, ఎందుకో అంతా కలగాపులగం అయిపోయింది.

ముందు పేర్ల చిక్కు

ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వానిది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్లానుతో మొదలుపెట్టి ఇళ్లకు ఇంటర్నెట్, టీవీ ఇచ్చింది ఇదే. భారత్‌నెట్ కేంద్రానిది. 2011లో వేరే పేరుతో మొదలైంది, దాని గురి గ్రామ పంచాయతీలు. ఈ రెండూ జనం వాడుకకు వేసినవి.

ఎన్‌కేఎన్, అంటే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్, పూర్తిగా వేరే జాతి. యూనివర్సిటీలు, ఐఐటీలు, ఎన్ఐటీలు, వ్యవసాయ పరిశోధన కేంద్రాలు, అణుశక్తి, అంతరిక్ష ప్రయోగశాలల వంటివాటిని ఒకదానితో ఒకటి కలపడానికి వేసిన వెన్నెముక ఇది. 2010 మార్చిలో కేంద్ర క్యాబినెట్ కమిటీ పదేళ్లకు 5,990 కోట్ల రూపాయలు మంజూరు చేసి, పనిని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీకి అప్పగించింది. ఇలాంటివాటిని ప్రపంచమంతటా పరిశోధన–విద్యా నెట్‌వర్కులు అంటారు. యూరప్ దేశాల నెట్‌వర్కులను కలిపేది జియాంట్. అమెరికాలో 1996లో 34 యూనివర్సిటీలు కలిసి మొదలుపెట్టినది ఇంటర్నెట్2. బ్రిటన్ వాళ్ల జానెట్ అయితే 1984 నుంచే ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. ఎన్‌కేఎన్ అంటే ఎవరో ప్రత్యేకంగా భూమి తవ్వి వేసిన వేరే తీగ అనుకుంటారు. కాదు. ఆ లింకులు ఎక్కువగా బీఎస్ఎన్ఎల్, పవర్‌గ్రిడ్, రైల్‌టెల్ దగ్గర తీసుకున్నవే. రైలు పట్టాల పక్కన పోయే అదే కేబుల్లో ఒక పోగు బ్యాంకుకీ, ఇంకో పోగు యూనివర్సిటీకీ పనిచేస్తుండొచ్చు. తీగ వేరు కాదు, తీగ మీద పెత్తనం వేరు. దాన్ని ఎంత ఖాళీగా ఉంచాలి, ఎవరి డేటా ముందు పోవాలి, ఏ దేశపు నెట్‌వర్కుతో నేరుగా కలవాలి అనే నిర్ణయాలు అమ్ముకునేవాడి చేతిలో కాక వాడుకునేవాళ్ల తరఫున ఉంటాయి.

అసలు మన దేశంలో ఇంటర్నెట్ పుట్టిందే ఈ ఇంట్లో. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో, చదువు–పరిశోధన సంస్థల కోసం, ఎర్నెట్ అనే నెట్‌వర్క్ 1986లో మొదలైంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ లాంటి కొద్ది సంస్థలే అందులో ఉండేవి. అప్పటి ప్రభుత్వ టెలికాం కంపెనీ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. అంటే మనం డయలప్ మోడెం కీచుమనే చప్పుడు వినడానికి తొమ్మిదేళ్ల ముందే పరిశోధకులు ఆ పని మొదలుపెట్టేశారు.

సైకిళ్ల రోడ్డు, లారీల రోడ్డు

వేరే పెత్తనం ఎందుకంటే, బరువు తీరు వేరు కాబట్టి. ఊళ్లో సాయంత్రం పూట పది వేల మంది ఫోన్లో వీడియోలు చూస్తుంటారు. ఒక్కొక్కరికీ కావలసింది రెండు మూడు ఎంబీపీఎస్. అందరూ ఒక్క క్షణంలో పూర్తి వేగం అడగరు కాబట్టి కంపెనీ తన దగ్గరున్నదానికంటే చాలా ఎక్కువ అమ్మగలదు. ఇది మోసం కాదు, ఆ వ్యాపారం నడిచేదే అలా. పరిశోధనలో ఇది తిరగబడుతుంది. వాడేది పదిమందే, కానీ ఒక్కొక్కరికీ గంటల తరబడి, ఆపకుండా, పైపు నిండా కావాలి.

ఎంత కావాలో మా మేనకోడలి పని మీదే లెక్క వేద్దాం. వరి జీనోమ్ (దాని జన్యు లిపి మొత్తం) పొడవు సుమారు 40 కోట్ల అక్షరాలు. యంత్రం చదివేటప్పుడు తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒక్కో అక్షరాన్ని 30 సార్లు చదివారనుకుందాం. 1,200 కోట్ల అక్షరాలయ్యాయి. ప్రతి అక్షరం పక్కనా "దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు" అని ఇంకో గుర్తు రాసుకుంటారు. 2,400 కోట్ల బైట్లు, అంటే 24 జీబీ. కుదిస్తే ఇది తగ్గుతుంది, తర్వాతి దశల ఫైళ్లు కలిపితే మళ్లీ పెరుగుతుంది. రకానికి 24 జీబీ అనే పట్టుకుందాం. 40 రకాలు పోల్చాలంటే దగ్గర దగ్గర ఒక టీబీ, అంటే వెయ్యి జీబీ.

ఇది చిన్న పని కిందే లెక్క. 2014లో వెలువడిన ప్రాజెక్టు ఒకటి 89 దేశాల నుంచి సేకరించిన 3,000 వరి రకాల జీనోములు చదివింది. ఇక భౌతికశాస్త్రం వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. జెనీవా దగ్గర అణువుల లోపలి కణాలను ఢీకొట్టించే సెర్న్ ప్రయోగాల డేటాలో మన వాటాను ముంబైలో టీఐఎఫ్ఆర్, కోల్‌కతాలో వీఈసీసీ పరిశోధన సంస్థలు దించుకుని విశ్లేషిస్తాయి. అది ఆగని వరద.

ఒక టీబీ దిగడానికి, లైను మొత్తం మనకే ఇచ్చినా, 100 ఎంబీపీఎస్ మీద 22 గంటలు పడుతుంది. 1 జీబీపీఎస్ మీద రెండుంబావు గంటలు. 10 జీబీపీఎస్ మీద 13 నిమిషాల చిల్లర. కాగితం మీద లెక్క ఇంతే. మా మేనకోడలికి వచ్చే వేగంతో అదే పనికి 26 రోజులు. ఈ రెండుంబావు గంటలకీ 26 రోజులకీ మధ్య ఏం జరుగుతోందన్నదే అసలు కథ.

వెడల్పు ఒక్కటే లెక్క కాదు: పంటు సంగతి

నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పంటు మీద 30 మోటారు సైకిళ్లు పడతాయనుకుందాం. అవతలి ఒడ్డుకు వెళ్లి తిరిగి రావడానికి అరగంట. అంటే గంటకు 60 బళ్లు దాటతాయి. ఇప్పుడు రేవుకొచ్చే రోడ్డును నాలుగు లైన్లు చేశారు. గంటకు ఎన్ని బళ్లు దాటతాయి? అవే 60. పంటు పెద్దది కావాలి, లేదా రాకపోకల సమయం తగ్గాలి. రోడ్డు వెడల్పుతో పనిలేదు.

ఇంటర్నెట్లో ఫైళ్లు మోసే పద్ధతి పేరు టీసీపీ. అది కొంత డేటా పంపి, అవతలి నుంచి "అందింది" అనే కబురు వచ్చేదాకా ఆగుతుంది. ఒక విడతలో పంపే మొత్తాన్ని విండో అంటారు. అదే మన పంటు. పాత టీసీపీలో ఈ విండో 64 కిలోబైట్లకు మించదు. 1992లోనే దీన్ని పెంచుకునే ఏర్పాటు వచ్చింది, ఈ రోజు ప్రతి కంప్యూటరుకూ అది తెలుసు. కానీ దారిలో ఏదైనా పాత ఫైర్‌వాల్, అంటే కాపలా పెట్టె, ఆ సంగతి రాసిన చీటీని చెరిపేస్తే, రెండు కంప్యూటర్లూ "అవతలివాడికి చిన్న పంటే ఉంది కాబోలు" అనుకుని 64 కేబీ దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు దూరం. గాజు పోగులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డెల్టా నుంచి హైదరాబాద్‌కు వెళ్లి రావడానికి, మధ్యలో డేటాకు దారి చూపే రూటర్ల మజిలీలు కలుపుకొని, 10 మిల్లీసెకన్లు అనుకుందాం. వరి డేటా ఉన్న సర్వరు ఇంగ్లండులో కేంబ్రిడ్జి పక్కన హింక్స్‌టన్‌లో ఉంది. అక్కడికి వెళ్లి రావడానికి 150 మిల్లీసెకన్లు వేసుకుందాం. 64 కేబీ పంటు హైదరాబాద్ రేవులో సెకనుకు వంద సార్లు తిరుగుతుంది, దాదాపు 52 ఎంబీపీఎస్ వస్తుంది. ఇంగ్లండు రేవులో అదే పంటు సెకనుకు ఏడు సార్లు కూడా తిరగదు. వచ్చేది 3.5 ఎంబీపీఎస్. అంటే సెకనుకు అర మెగాబైట్ కంటే తక్కువ. పిల్ల చూపించిన అంకె అదే.

ఒక గిగాబిట్ లైను ఆ దూరానికి నిండాలంటే దారిలో ఎప్పుడూ సుమారు 19 మెగాబైట్లు ప్రయాణంలో ఉండాలి. 64 కేబీ ఎక్కడ, 19 ఎంబీ ఎక్కడ.

ఒక్క ప్యాకెట్ పోతే పదహారు నిమిషాలు

పంటు పెద్దదే అయినా రెండో గండం ఉంది. డేటాను చిన్న ముక్కలుగా కోసి పంపుతారు, వాటినే ప్యాకెట్లు అంటారు. దారిలో అవి పోతాయి. కాలువకు గండి పడితే పోయిన నీరు పోతుంది, మిగతాది పారుతూనే ఉంటుంది. టీసీపీ అలా కాదు. ఒక్క ప్యాకెట్ పోయిందని తెలియగానే "ముందు ఎక్కడో రద్దీగా ఉంది" అని భయపడి వేగాన్ని సగానికి కోసేస్తుంది. తర్వాత ఒక్కో రాకపోకకు ఒక్కో ప్యాకెట్ చొప్పున మెల్లగా పెంచుకుంటుంది.

ఇంత పిరికితనం ఎందుకంటే దానికో చరిత్ర ఉంది. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న యూనివర్సిటీకీ మధ్య సెకనుకు 32,000 బిట్లు పోయే లైను ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. రెంటికీ మధ్య దూరం 400 గజాలు. అందరూ ఎడాపెడా పంపడం, పోయినవి మళ్లీ పంపడం, దాంతో ఇంకా పోవడం. వాన్ జేకబ్సన్ అనే పరిశోధకుడు దీన్ని శోధించి 1988లో ఈ వెనక్కి తగ్గే పద్ధతి చెప్పాడు. ఇంటర్నెట్ కుప్పకూలకుండా నిలబడిందంటే అందులో దీని పాత్ర పెద్దది.

కానీ దూరప్రయాణాలకు అదే శిక్ష అయింది. గిగాబిట్ వేగంతో ఇంగ్లండు నుంచి వస్తుంటే దారిలో సుమారు 12,800 ప్యాకెట్లుంటాయి. ఒకటి పోతే సగం, అంటే 6,400కు తగ్గుతుంది. రాకపోకకు ఒక్కటి చొప్పున తిరిగి 12,800కు చేరాలంటే 6,400 రాకపోకలు కావాలి. ఒక్కోటి 150 మిల్లీసెకన్లు. మొత్తం పదహారు నిమిషాలు. ఈలోపు ఇంకోటి పోతే కథ మళ్లీ మొదటికి.

ఎంత నష్టానికి ఎంత వేగం అన్న లెక్కకు 1997లో మాథిస్, ఆయన తోటివాళ్లు ఒక సూత్రం ఇచ్చారు. ప్యాకెట్ సైజును రాకపోకల సమయంతో భాగించి, ఎన్ని ప్యాకెట్లకు ఒకటి పోతోందో ఆ సంఖ్య వర్గమూలంతో గుణిస్తే ఉజ్జాయింపుగా వేగం వస్తుంది. అమెరికా ఇంధన శాఖ పరిశోధన నెట్‌వర్క్ ఈఎస్‌నెట్‌లో ఒకసారి రూటర్‌లో చెడిపోతున్న కార్డు ఒకటి 22,000 ప్యాకెట్లకు ఒకటి పోగొట్టేది. అదే అంకె మనం తీసుకుందాం. 22,000 వర్గమూలం 148. ప్యాకెట్‌లో డేటా 1,460 బైట్లు, అంటే 11,680 బిట్లు. హైదరాబాద్ నుంచైతే, 10 మిల్లీసెకన్లకు, 173 ఎంబీపీఎస్ వస్తుంది. ఇంగ్లండు నుంచైతే, 150 మిల్లీసెకన్లకు, 11.5 ఎంబీపీఎస్.

నష్టం అంతే. చెడిపోయిన కార్డు అదే. కానీ దగ్గరివాళ్లకు అసలు తెలియనే తెలియదు, దూరంవాళ్లు నలిగిపోతారు. క్యాంపస్‌లో ఎవరినడిగినా "నాకు బానే వస్తోందండీ" అంటారంటే కారణం ఇదే. 22,000కు ఒకటి అంటే 99.995 శాతానికి పైగా సరిగ్గానే నడుస్తున్నట్టు. పరీక్షలో అన్ని మార్కులొస్తే పండగ చేసుకుంటాం.

దీనికి మందులు లేకపోలేదు. లైనక్స్‌లో చాలాకాలంగా మామూలుగా వచ్చే క్యూబిక్ పద్ధతి సగానికి బదులు పదింట మూడు వంతులే తగ్గి, వేగంగా కోలుకుంటుంది. గూగుల్ 2016లో చెప్పిన బీబీఆర్ ఒక్క ప్యాకెట్ పోగానే కంగారుపడదు. ఒకే ఫైలును ఎనిమిది ముక్కలుగా, ఎనిమిది పంటుల మీద తెచ్చుకునే పాత చిట్కా కూడా ఉంది. మందులే అవి, రోగం మాత్రం దారిలోనే ఉంటుంది.

మరి ఇంట్లో 95 ఎలా వచ్చింది?

స్పీడ్ టెస్ట్ తనంతట తాను దగ్గరి సర్వర్నే ఎంచుకుంటుంది. విజయవాడో హైదరాబాదో. పైగా ఒకేసారి నాలుగైదు దారుల్లో లాగుతుంది. యూట్యూబ్ వీడియో కూడా అమెరికా నుంచి రాదు, కంపెనీ తన నకళ్లను మనకు దగ్గరగా తెచ్చిపెట్టుకుంటుంది. ఇంటి ప్లానును కొలిచేది పక్క ఊరి దాకానే. మా ఇంట్లోంచే ఆ ఇంగ్లండు ఫైలు లాగించి చూపించాను, 20 దాటలేదు. క్యాంపస్ కంటే మెరుగే, నిజమే. ఇక్కడ దారిలో ఫైర్‌వాల్ లేదు కాబట్టి.

చివరి వంద మీటర్లు

విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తినంత మాత్రాన దాళ్వాకు మొగల్తూరు శివారు దాకా నీళ్లందుతాయని ఎవరూ అనరు. మధ్యలో పూడిక, గుర్రపుడెక్క, పైవాళ్ల తూములు, వంతులు. క్యాంపస్ గేటు దాకా వచ్చిన గిగాబిట్‌కు కూడా ఆ తర్వాత అదే గతి. ప్రయోగశాల ఉన్న బిల్డింగ్‌లో మెట్ల కింద నెట్‌వర్క్ తీగలను కలిపే పదేళ్ల నాటి 100 ఎంబీపీఎస్ స్విచ్ పెట్టె ఒకటి దుమ్ము కొట్టుకుని మినుకుమంటుంటే చాలు, ఆ బిల్డింగ్ మొత్తానికి అదే తూము. సాయంత్రం హాస్టల్లో వెయ్యి మంది మూడేసి ఎంబీపీఎస్ వాడితే మూడు గిగాబిట్లు. ఉన్నది ఒకటి.

అన్నిటికంటే ముదురు చిక్కు ఫైర్‌వాల్. లోపలికొచ్చే ప్రతి ప్యాకెట్‌నూ విప్పి చూసే కాపలా పెట్టె అది. వేలకొద్దీ చిన్న చిన్న కనెక్షన్లు చూసుకోవడానికి తయారైంది. ఒకే లావాటి ప్రవాహం గంటల తరబడి వస్తే దాని లోపలి జాగా చాలక ప్యాకెట్లు పారేస్తుంది. లేదా పైన చెప్పిన విండో చీటీని భద్రత పేరుతో చెరిపేస్తుంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ విభాగంలో గిగాబిట్ లైను మీద 50 ఎంబీపీఎస్ దాటకపోతే వెతగ్గా వెతగ్గా తేలింది ఇదే. రాకపోకల సమయం 10 మిల్లీసెకన్లు, విండో 64 కేబీ. మనం హైదరాబాద్ రేవుకు వేసిన 52 లెక్క గుర్తుందా?

దీనికి ఈఎస్‌నెట్ వాళ్లు చెప్పిన ఏర్పాటును సైన్స్ డీఎంజెడ్ అంటారు. క్యాంపస్ అంచులోనే, ఫైర్‌వాల్‌కు ముందే, పక్కకు ఒక చిన్న దారి తీసి, పెద్ద ఫైళ్ల కోసమే ఒక కంప్యూటర్ పెడతారు. దాని మీద ఈమెయిల్ ఉండదు, బ్రౌజింగ్ ఉండదు. ఏ చిరునామా నుంచి రావచ్చో రూటర్ దగ్గరే కట్టడి చేస్తారు. పర్ఫ్‌సోనార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాత్రింబవళ్లు దారిని కొలుస్తూ, ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయో చూపిస్తుంది. మన కాలువల మీద నీళ్లు షట్టర్ల కింద నుంచి పోతుంటే, పడవలకు పక్కనే లాకులు కట్టారు కదా, ఆలోచన అలాంటిదే.

ఒప్పుకోనివాళ్లున్నారు, వాళ్లకు కారణమూ ఉంది. భద్రత చూసే అధికారి కోణంలో ఇది గోడకు కన్నం పెట్టడమే. ఏదైనా జరిగితే ప్రశ్నించేది ఆయన్నే, ఫైలు నెమ్మదిగా వచ్చిందని ఆయన్ని ఎవరూ సస్పెండ్ చెయ్యరు. చిన్న సంస్థలో కంప్యూటర్లు చూసుకునేది ఇద్దరో ముగ్గురో. ఇంకో దారి తెరిస్తే దాని కాపలా ఎవరు చూస్తారు? అటు పరిశోధకులేమో, అన్నిటికీ ఒకటే తాళం అనడం బద్ధకం అంటారు. రెండువైపులా పనిచేసిన అనుభవంతో నాకు అనిపించేది, జాగ్రత్తగా పెట్టిన పక్కదారి ప్రమాదం కాదు, కానీ మనిషి లేని చోట దాన్ని పెట్టకపోవడమే మేలు.

వేగంతో సంబంధం లేని లాభం ఒకటి

పరిశోధన నెట్‌వర్కుల వల్ల వచ్చిన సౌకర్యాల్లో ఎడ్యురోమ్ నాకు బాగా నచ్చుతుంది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ చూసుకుంటుంది. తన సంస్థ ఇచ్చిన ఐడీతో విద్యార్థి నెదర్లాండ్స్‌లో లేడెన్ వెళ్లినా, లండన్ వెళ్లినా అక్కడి యూనివర్సిటీ వైఫైకి ల్యాప్‌టాప్ తనంతట తాను తగులుకుంటుంది. అక్కడి సర్వర్ "ఈ పిల్ల మీదేనా?" అని దేశం స్థాయి సర్వర్ల మీదుగా సొంత సంస్థను అడుగుతుంది, ఇది "మాదే" అంటుంది. సరిగ్గా అమర్చుకుంటే పాస్‌వర్డ్ దారిలో ఎవరికీ కనపడదు. వియ్యంకులు మధ్యవర్తి ద్వారా వాకబు చేసుకున్నట్టు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హార్డ్‌డిస్క్

"ఇంత గోల ఎందుకు, డిస్కులో పట్టుకెళ్తే పోలేదా" అనేవాళ్లున్నారు. హాస్యం కాదు, లెక్క వేయదగ్గ మాటే. 4 టీబీ డిస్కు సంచిలో వేసుకుని రాత్రి రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, హైదరాబాద్‌లో ఆటో దిగేసరికి మొత్తం పది గంటలనుకుందాం. సగటున 890 ఎంబీపీఎస్! గిగాబిట్ లైనుకు దీటు. కానీ డిస్కులోకి ఎక్కించడానికి, సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున, 11 గంటలు. అక్కడ దించడానికి ఇంకో 11. మొత్తం 32 గంటలకు సగటు 280కి దిగిపోతుంది. మధ్యలో ఒక ఫైలు పాడైందని తెలిస్తే మళ్లీ రైలే. పైగా ఇంగ్లండుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ లేదు.

ప్రజల డబ్బుతో వేరే నెట్‌వర్క్ ఇంకా అవసరమా?

దీని మీద నిజమైన వాదన ఉంది. వద్దనేవాళ్ల మాట ఇది: 2010లో బ్యాండ్‌విడ్త్ బంగారం, ఇప్పుడు ప్రైవేటు కంపెనీల దగ్గర చౌకగా దొరుకుతోంది. అంతకంటే గట్టి వాదన ఇంకోటి. డేటాను మన దగ్గరికి తెచ్చుకోవడం దేనికి, మన ప్రోగ్రామునే డేటా ఉన్న చోటికి పంపితే పోలేదా? పైన చెప్పిన 3,000 వరి జీనోములు అమెజాన్ క్లౌడ్‌లో ఎవరైనా వాడుకునేలా ఉన్నాయి. అక్కడే కంప్యూటర్ అద్దెకు తీసుకుని, లెక్క తేలాక నాలుగు పేజీల ఫలితం దించుకుంటే చాలు.

కావాలనేవాళ్లు చెప్పేది: క్లౌడ్‌లో పెట్టడం చౌక, వెనక్కి తీసుకునేటప్పుడు జీబీకి ఇంత అని బిల్లు పడుతుంది. గ్రాంటు అయిపోయాక ఆ బిల్లు కట్టేది ఎవరు? మన పొలాల్లో, మన యంత్రాల మీద పుట్టిన డేటా మొదట మన దగ్గరి నుంచే పైకి పోవాలి, ఇళ్లకు అమ్మే ప్లానుల్లో పైకి పోయే వేగం ఎప్పుడూ వెనకబడే ఉంది. అన్నిటికీ మించి, వాణిజ్య లైను నిండితేనే లాభం. పరిశోధన లైను కావాలని ఖాళీ ఉంచితేనే ఆ లావాటి ప్రవాహాలు ప్యాకెట్లు పోకుండా దూరతాయి. ఆ ఖాళీని ఆడిటర్ చూస్తే "వృథా" అని రాస్తాడు. ఇంజనీరు చూస్తే "అందుకే పనిచేస్తోంది" అంటాడు.

మూడో గొంతు శివారుది. 2009లో మొదలైన, సమాచార సాంకేతికత ద్వారా విద్య అందించే జాతీయ మిషన్‌లో యూనివర్సిటీలకు 1 జీబీపీఎస్ అన్నారు. కాలేజీలకు మాత్రం ఒక్కోటి 512 కేబీపీఎస్ ఉండే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు. తర్వాత కాలం మారింది, చాలాచోట్ల పెంచుకున్నారు. కానీ ఆనాటి గీత ఇప్పటికీ పూర్తిగా చెరగలేదు. పెద్ద సంస్థలకు వంద గిగాబిట్ల వెన్నెముక మీద ఇంకా పెట్టాలా, డిగ్రీ కాలేజీ ల్యాబుకు ముందు సరైన స్విచ్ కొనిపెట్టాలా? రెండోదానికే నేను ఓటేస్తాను. సెర్న్ డేటా మోసేవాళ్లు నాతో ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల అవసరం వాళ్లది.

విశాఖ కేబుల్ వస్తే?

లెక్క వేసి చూద్దాం. రాజమండ్రి నుంచి విశాఖకు రైలు దారి సుమారు 200 కిలోమీటర్లు, చెన్నైకి సుమారు 580. గాజు పోగులో వెళ్లి రావడానికి విశాఖకైతే 2 మిల్లీసెకన్లు, చెన్నైకైతే 6. అంటే మిగిలేది నాలుగు. ఇంగ్లండు దారిలో 150కి 146 అవుతుందనుకోవడానికీ లేదు, ఎందుకంటే యూరప్ మనకు పడమర. బంగాళాఖాతంలో దిగే కేబుల్ ఎక్కితే చుట్టు తిరిగి పోవాలి. సింగపూర్, జపాన్ వైపు పనులకు కాస్త దగ్గరి దారి దొరకవచ్చు.

అసలు ప్రయోజనం ఇంకోచోట. 2025 సెప్టెంబర్‌లో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంతో సహా చాలాచోట్ల నెట్ నెమ్మదించింది. మన కేబుళ్లు ప్రధానంగా ముంబై, చెన్నై తీరాల్లోనే ఒడ్డెక్కుతాయి. ఇంకో రేవు ఉంటే ఒకటి మూతపడ్డా బండి ఆగదు. అది దేశానికి మంచిదే. మెట్ల కింద ఉన్న 100 ఎంబీపీఎస్ స్విచ్‌కు మాత్రం ఆ కేబుల్ వచ్చిన సంగతి ఎప్పటికీ తెలియదు.

పండగ వెళ్లిన రెండు వారాలకు మేనకోడలు ఫోన్ చేసింది. అనుకున్నట్టే విండో చీటీని చెరిపేస్తున్న పాత పెట్టె ఒకటి దారిలో ఉందట. వాళ్ల సిస్టమ్ అడ్మిన్ గారు ముందు ససేమిరా అన్నా, ఒక్క రాత్రికి ఆ ఒక్క కంప్యూటర్‌కు పక్కదారి ఇచ్చారు. వేగం 3.5 నుంచి 210కి పోయింది. రాత్రి పదింటికి మొదలుపెడితే పొద్దున్న ఆరింటికి 40 రకాల్లో 31 దిగాయి. "గిగాబిట్‌లో మిగతాది ఎక్కడ పోతోంది మావయ్యా?" అంది. కొలిస్తే గానీ తెలీదన్నాను. మిగిలిన తొమ్మిదికి మళ్లీ అనుమతి కావాలి, అర్జీ పెట్టిందట. సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు.